డిపో తరఫున ఒకరు

విజిలక్క అంటే డిపోలో తెలియనివాళ్లు లేరు. బస్సు కండక్టరు. ప్రభుత్వం దిగిపోవాలని చేసిన సమ్మెను విరగ్గొట్టడానికి సైన్యం బస్సులు బయటికి తీయించబోతే, ముందు బస్సు చక్రాలకు అడ్డంగా పడుకున్న మనిషి. ఆమె పక్కనే, టికెట్ల గదిలో పనిచేసే స్నేహితురాలు పడుకుంది. మగవాళ్లలో కొందరు జైల్లో ఉన్నారు, విజిలక్క భర్త కూడా. మిగతావాళ్లు కంటికి కనపడలేదు. డ్రైవరుగా చేసే మరిది జ్వరమని చెప్పి అత్తారింటికి చెక్కేశాడు. ప్రభుత్వం కూలిపోయాక, గడ్డం పెంచుకుని, పోరాడి అలిసిపోయినవాడిలా వచ్చి దిగాడు.

ఎన్నికలయ్యేదాకా దేశాన్ని నడపడానికి తాత్కాలిక మండలి వేస్తున్నారు. డిపో తరఫున ఒకరిని పంపమన్నారు. ఇంకెవరు, విజిలక్కే అనుకున్నారందరూ. ఆమె కూడా అదే అనుకుని మంచి బట్టలు ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

షెడ్డులో మీటింగు పెట్టారు. జైలు నుంచి వచ్చిన యూనియన్ పెద్దాయన ఆమెను ఆకాశానికెత్తేశాడు. అంతా అయ్యాక గొంతు సవరించుకుని, పొద్దస్తమానం చర్చలుంటాయి, సైన్యంవాళ్లతో మాట్లాడాలి, ఆడమనిషిని ఇబ్బంది పెట్టడమెందుకు, మరిదిని పంపుదాం, గౌరవం ఆ ఇంటి గడప దాటిపోదు కదా అన్నాడు.

"సైన్యాన్ని ఎదుర్కొంది నేనే కదా" అంది విజిలక్క.

"ఎదుర్కోలేదు, పడుకున్నావు" అన్నారు వెనకనుంచి ఎవరో.

షెడ్డంతా గొల్లున నవ్వింది. మరిది తల దించుకుని గడ్డం నిమురుకున్నాడు. చేతులెత్తమన్నారు. మరిదికి లేచిన చేతుల్లో స్నేహితురాలిది కూడా ఉంది.

బయట కుళాయి దగ్గర విజిలక్క ఆమెను నిలదీసింది.

"సమ్మెలో తీసేసిన మా ఆయన్ని ఇంకా ఉద్యోగంలోకి తీసుకోలేదక్కా. నీ మరిది ఇప్పిస్తానన్నాడు" అంది స్నేహితురాలు, కళ్లెత్తకుండా. "నువ్వెళ్లినా నీ మాట ఎవరు వింటారు? మగవాళ్లు మగవాళ్ల మాటే వింటారు."

విజిలక్కకు తిట్టు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. స్నేహితురాలి మాటలో అబద్ధం కనపడలేదు.

ఇంటికెళ్తే మరిది కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు.

"వదినా, ఆ రోజు ఇక్కడ అసలేం జరిగిందో కాస్త చెప్పు. రేపు మండలిలో మాట్లాడాలి."

"మీ అత్తారింట్లో జరిగింది చెప్పు. నువ్వు చూసింది అదే."

చివరికి, జైలు నుంచి విడుదలై వచ్చిన భర్తే తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాడు. జైల్లో చూడటానికి వెళ్లినప్పుడు ఆమె ఊచలకు మొహం ఆనించి చెప్పిన మాటలే, పొల్లు పోకుండా.

మర్నాడు ఆమె డ్యూటీలో ఉండగా డ్రైవరు రేడియో పెంచాడు. బస్సు చక్రాల కింద మేం పడుకున్నాం అంటున్నాడు మరిది. బాగానే మాట్లాడాడు. ముందు సీట్లో ముసలావిడ కళ్లు తుడుచుకుని, ఏ తల్లి కన్న బిడ్డో, ఎంత గుండెధైర్యం అంది.

విజిలక్క ఆమెకు టికెట్ చింపి ఇచ్చి, లోపలికి జరగండి, లోపలికి జరగండి అంటూ వెనక్కి నడిచింది.