మొదలుకాని మాట ముగిసేదాకా

నేను ఒక బాక్సును. అట్టది కాదు, రేకుది కాదు. కంప్యూటర్ తెర మీద మౌస్‌తో గీసిన నాలుగు గీతల బాక్సును. చాలాకాలం నాకు రంగు లేదు, అంచు లేదు. నా మీద నొక్కినవాళ్ళు వేలమంది ఉంటారు గాని, నన్ను చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు నన్ను గీసిన ప్రభంజన్, రెండోవారు నన్ను పట్టుకున్న హైమ.

నేను పుట్టింది హైదరాబాదులో, ఆన్‌లైన్ శిక్షణ పాఠాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో. ఉద్యోగులు కంప్యూటర్ ముందు కూర్చుని, స్లయిడ్ తర్వాత స్లయిడ్ తిప్పుకుంటూ నేర్చుకునే పాఠాలవి. అగ్నిప్రమాదాల మీద చేసిన ఒక పాఠాన్ని ఫ్యాక్టరీవాళ్ళు తిప్పి పంపారు. "మావాళ్ళు చదవట్లేదండీ. టకటకా నెక్స్ట్ నొక్కేసి సర్టిఫికెట్ తీసుకుంటున్నారు. వెనక గొంతు చెప్పేదంతా అయ్యేదాకా వాళ్ళని కదలనివ్వకండి" అన్నారు.

దానికి సాఫ్ట్‌వేర్‌లో రాజమార్గం ఉంది. గొంతు ఆగేదాకా నెక్స్ట్ బటన్‌నే నిద్రపుచ్చవచ్చు. కాని ప్రభంజన్‌కి అప్పుడు ఆకలిగా ఉంది. బటన్ మీద ఒక బాక్సు గీశాడు, రంగు తీసేశాడు, "ఈ స్లయిడ్‌లో గొంతు ముగియగానే తప్పుకో" అని నాకొక ఆజ్ఞ రాశాడు, భోజనానికి వెళ్ళిపోయాడు. పేరు పెట్టే తీరిక కూడా అతనికి లేకపోయింది. వరస చూసి సాఫ్ట్‌వేరే నన్ను రెక్టాంగిల్ పద్నాలుగు అంది.

నేను ఆజ్ఞ తప్పలేదు. గొంతు వినిపిస్తున్నంతసేపూ బటన్ మీద బోర్లా పడుకునేదాన్ని. నొక్కిన నొక్కులన్నీ నాకే తగిలేవి. గొంతు ఆగగానే లేచిపోయేదాన్ని. ఫ్యాక్టరీవాళ్ళు సంతోషించారు. కార్మికులు గొంతుని దాని మానాన మాట్లాడనిచ్చి, టీ తాగి వచ్చేవారు. అందరికీ కావలసింది అందింది.

బాగా పనిచేసిన స్లయిడ్‌ని ఎవరూ మళ్ళీ చెయ్యరు, కాపీ చేస్తారు. అలా నేను బ్యాంకు గుమాస్తాల పాఠంలోకి, అక్కణ్ణుంచి సిమెంటు బస్తాలు ఎత్తేవాళ్ళ పాఠంలోకి వెళ్ళాను. పైన బొమ్మలు మారేవి, మాటలు మారేవి. కింద కుడిమూల బటనూ, దాని మీద నేనూ మారలేదు. అద్దె ఇంట్లో ముందువాళ్ళు కొట్టిపోయిన మేకు లాంటిదాన్ని. కొత్తవాళ్ళు దానికి తమ క్యాలెండర్ తగిలించుకుంటారు గాని, ఎందుకు కొట్టారని అడగరు.

హైమ ఆ కంపెనీలో ప్రభంజన్ పక్క సీట్లో పనిచేసేది. పెళ్ళయి రాజమండ్రి వెళ్ళాక ఇంటినుంచే పాఠాలు చెయ్యడం మొదలుపెట్టింది. "ఉంచుకో, పనికొస్తాయి" అని ప్రభంజన్ ఇచ్చిన పాత స్లయిడ్‌లలో సారె సామానులా నేనూ వెళ్ళాను. ఆమె ఆఫీసు భోజనాల బల్ల. ఒక చివర లాప్‌టాప్, రెండో చివర అత్తగారు ఒలిచే చిక్కుడుకాయలు.

హైమ పనికి వంక పెట్టడం కష్టం. అక్షరాల ఎత్తు, బొమ్మల వరస కొలిచినట్టుంటాయి. ఒకటే అలవాటు. పాఠాన్ని సరిచూసేటప్పుడు ఎడమవైపు ఉండే జాబితాలోంచి ఒక్కొక్క స్లయిడ్‌నీ తెరిచి చూసేది. నెక్స్ట్ నొక్కుకుంటూ మొదటినుంచి చివరిదాకా నడిచేది కాదు. తను కట్టిన ఇంట్లోకి తను ఎప్పుడూ పెరటిదారినే వెళ్ళేది. వీధి తలుపు తెరుచుకుంటుందో లేదో ఆమెకి తెలియదు.

కాకినాడలో ఒక ఆస్పత్రివాళ్ళు నర్సుల కోసం పాఠం చెయ్యమన్నారు. వాడిన సూదులు, బ్లేడ్లు ఎలా పారెయ్యాలో చెప్పే పాఠం. హైమ నేనున్న స్లయిడ్ తీసుకుని, "వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకండి" అని పెద్ద అక్షరాలతో రాసింది. అంతా పూర్తయ్యాక, అక్కడ శిక్షణ చూసుకునే శేషగిరిగారు, "వార్డుల్లో పేషెంట్లు పడుకుంటారమ్మా. గొంతు వద్దు, తీసెయ్యండి" అన్నారు. హైమ తీసేసింది. ఆయన స్లయిడ్‌లన్నీ ప్రింటు తీయించుకుని, శ్రద్ధగా చదివి, ప్రతి కాగితం కింద సంతకం పెట్టి, బాగుందన్నారు. కాగితం మీది బటన్‌ని ఎవరూ నొక్కి చూడరు కదా.

గొంతు ముగిస్తే తప్పుకోమని నాకు ఆజ్ఞ. గొంతే లేదు. మొదలుకాని మాట ఎప్పటికి ముగుస్తుంది? నేను అలాగే పడుకున్నాను.

పాఠం తెరిచిన ప్రతి కంప్యూటర్‌లోనూ నేను ఉన్నాను కాబట్టి జరిగినవి చాలావరకు నాకు తెలుసు. నర్సులు డ్యూటీ దిగి శిక్షణ గదికి వచ్చేవారు. సూది స్లయిడ్ దాకా చకచకా నడిచేవారు. అక్కడ నొక్కేవారు. మళ్ళీ నొక్కేవారు. గట్టిగా నొక్కితే లిఫ్ట్ త్వరగా వస్తుందనుకునేవాళ్ళలా నొక్కేవారు. ఒకావిడ మౌస్‌ని బల్లకేసి కొట్టింది. ఇంకొకావిడ కళ్ళు మూసుకుని, ఏదో అనుకుని, నొక్కింది. తిట్లన్నీ బటన్‌కే పడ్డాయి. పక్కన కనిపించేవాళ్ళు ఉన్నంతకాలం కనిపించనివాళ్ళ మీదికి నింద రాదు.

దాటింది ఒక్కరే. డయాలిసిస్ వార్డు నర్సు ఎస్తేరు. వార్డు కంప్యూటర్‌లోనే పాఠం పూర్తిచేసి, చివరి ప్రశ్నలకి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది. వార్డు ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయి, దానికి ఆమె పేరే ముందున్న రోజులవి.

శేషగిరిగారు హైమకి ఫోన్ చేశారు.

"అమ్మా, మీ పాఠం ఇసకతిన్నె మీదెక్కిన పడవలా ఆగిపోయిందమ్మా."

హైమ నెట్ సంగతి అడిగింది, బ్రౌజర్ సంగతి అడిగింది.

"అవన్నీ అయ్యాయి. అసలు సంగతి వినండి. ఎవరూ దాటలేనిది ఒకావిడ దాటేసింది. ఎవరిచేతో రికార్డు మార్పించుకుందని మా అనుమానం. ఇన్‌ఛార్జి పోస్టు ఆశ మరి! ఆ స్లయిడ్‌ని మామూలుగా ఎవరూ దాటలేరని మీరొక ముక్క రాసివ్వండి. మిగతాది మేం చూసుకుంటాం. పాఠం ఆగిపోవడం సర్వర్ తప్పు అనుకుందాం, మీమీదికి రాదు."

రాసిస్తే అది అబద్ధం కూడా కాదు. హైమ అప్పటికే నొక్కి చూసింది, కదల్లేదు. మెయిల్ తెరిచి "శేషగిరిగారికి నమస్కారం" దాకా రాసింది. అక్కడ ఆగింది. దారి లేదని చెప్పాలంటే ఎందుకు లేదో తెలిసుండాలి కదా అనుకుంది.

బటన్‌కి ఇచ్చిన ఆజ్ఞ చూసింది. నొక్కితే తర్వాతి స్లయిడ్‌కి వెళ్ళమని సరిగానే ఉంది. దాన్ని తుడిచి మళ్ళీ రాసింది. వేరే బ్రౌజర్‌లో తెరిచింది. పాఠాన్ని మళ్ళీ పబ్లిష్ చేసింది. బొమ్మల పేర్ల వరసలో నా పేరు ఆమె కళ్ళ ముందునుంచే పోయింది. ఆ స్లయిడ్‌లోని వార్డు బొమ్మలో గోడ మీది పలకలూ రెక్టాంగిళ్ళే, నేల మీది గళ్ళూ రెక్టాంగిళ్ళే. అందులో నేనెంత?

అత్తగారు చిక్కుడుకాయల గిన్నె పక్కకి జరిపారు. "ఒక్క బొత్తాం నొక్కడానికి పొద్దుటినుంచీ కూర్చున్నావేమిటే అమ్మాయ్? ఇటు తే, నేను నొక్కుతాను." నొక్కారు కూడా. "మొండిఘటమే" అని ఒప్పుకున్నారు.

హైమ శేషగిరిగారికి ఫోన్ చేసి ఎస్తేరు నంబర్ అడిగింది.

"ఆవిడతో మీకెందుకమ్మా?"

"దాటింది ఆవిడే కదండీ. దారి ఆవిడనే అడగాలి."

ఎస్తేరు గొంతు ఏడ్చి ఆరినట్టుంది. "నేనేం చెయ్యలేదండి బాబూ. సంజాయిషీ రాయమన్నారండి. ఏం రాయనండి? చదివేనండి, ఎంటర్ కొట్టేనండి, ఎల్లిపోయిందండి."

"ఎంటరా? మౌస్‌తో నొక్కలేదా?"

"మౌసెక్కడిదండి! మా వార్డు మౌసు బిల్లింగోళ్ళు పట్టుకుపోయేరండి. పేషెంటు ఆగొచ్చు గాని బిల్లు ఆగకూడదంట కదండి! నేను కీబోర్డు మీద ట్యాబ్ నొక్కుకుంటా పోతానండి. బటన్ సుట్టూ గీత పడగానే ఎంటర్ కొడతానండి. ఏం, అలా కొట్టకూడదాండి?"

"కొట్టొచ్చండి" అంది హైమ. ఫోన్ పెట్టకుండానే మౌస్‌ని చిక్కుడుకాయల వైపు తోసేసి, బటన్ చుట్టూ గీత పడేదాకా ట్యాబ్ నొక్కింది. ఎంటర్ కొట్టింది. స్లయిడ్ కదిలింది.

ఎస్తేరు ఎలా దాటిందో నాకూ అప్పుడే తెలిసింది. నేను ఆపగలిగేది పైనుంచి పడే నొక్కుల్నే. కీబోర్డ్ దారి నా కిందనుంచి పోతుంది.

బటన్ మంచిదేనని, దానికీ మౌస్‌కీ మధ్య ఏదో ఉందని హైమకి అర్థమైంది. మౌస్ తీసుకుని, వల వేసినట్టు బటన్ చుట్టూ లాగింది. బటన్ అంచులతో పాటు నా నాలుగు అంచులూ తెర మీద వెలిగాయి.

"దొంగ దొరికాడు" అంది హైమ.

"ఎవరే?" అన్నారు అత్తగారు, వీధి తలుపు వైపు చూస్తూ.

హైమ నా ఆజ్ఞని తెరిచి చదివింది. గొంతు ముగియగానే తప్పుకో. ఏ గొంతో రాసి ఉండాల్సిన చోట ఖాళీ. ఆ గొంతుని తీసేసింది తనే. ఆ ఖాళీ వైపు చాలాసేపు చూసింది.

అప్పుడు మెయిల్ పూర్తిచేసింది. బటన్‌కి అడ్డుగా ఒక బాక్సు ఉండిపోయిందని, అది తన పొరపాటని, మౌస్‌తో వెళ్ళినవాళ్ళు దాటలేరని, కీబోర్డ్‌తో వెళ్ళినవాళ్ళు దాటగలరని, ఎస్తేరుగారు పాఠం సక్రమంగానే పూర్తిచేశారని, అడ్డు తీసిన పాఠాన్ని ఇప్పుడే పంపుతున్నానని రాసింది.

శేషగిరిగారు వెంటనే ఫోన్ చేశారు. "మీ తప్పని మీరే రాసుకుంటారేమిటమ్మా? సర్వర్ అందామన్నాను కదా!"

"సర్వర్ అంటే ఆవిడ ఎలా దాటిందో చెప్పలేం కదండీ."

"సరే, సంజాయిషీ వెనక్కి తీసుకుంటాం. తర్వాతి పాఠం మాత్రం మీకిస్తారని నేను చెప్పలేను" అన్నారు. ఇవ్వలేదు కూడా.

కొన్నాళ్ళకి ఎస్తేరు ఫోన్ చేసింది. "ఇన్‌ఛార్జి ఇచ్చేరండి. ముందు బిల్లింగు నుంచి మౌసు తెప్పించేనండి."

"అయితే ఇప్పుడు మౌస్‌తోనే చేస్తున్నారా?"

"అది మా వార్డు పిల్లలకండి. నాకు ట్యాబే. ఇంకోటండి, పరీక్షలో సూది ప్రశ్న ఒక్కరూ తప్పలేదండి. మరెన్నాళ్ళు సూసేరండి ఆ స్లయిడు!"

నా బతుకులో నేను ఎవరికైనా నేర్పిన పాఠం అదొక్కటే.

హైమ నన్ను తుడిచెయ్యలేదు. ఎర్ర రంగు పూసి, స్లయిడ్ బయటికి లాగిపెట్టింది. స్లయిడ్ చుట్టూ బూడిదరంగు జాగా ఒకటి ఉంటుంది. వద్దనుకున్న బొమ్మలు పడి ఉండే చోటు అది. పబ్లిష్ చేసిన పాఠంలోకి ఆ జాగా రాదు. నాకు ఇటుపక్క ముళ్ళు లేని గడియారం, అటుపక్క ఎవరికో నచ్చని థర్మామీటర్. పాఠం మీద ఉన్నన్నాళ్ళూ నాకు రంగు లేదు. రంగొచ్చాక చూసేవాళ్ళు లేరు, హైమ తప్ప.

కొత్త పాఠం పూర్తయినప్పుడల్లా ఆమె ఎడమవైపు జాబితాని మూసేస్తుంది. మొదటి స్లయిడ్‌నుంచి నెక్స్ట్ నొక్కుకుంటూ చివరిదాకా నడుస్తుంది. తర్వాత మౌస్‌ని అత్తగారి గిన్నె వైపు తోసి, ట్యాబ్‌తో మరోసారి.

నా ఆజ్ఞని మాత్రం ఆమె మార్చలేదు. గొంతు ముగియగానే తప్పుకో. ఏ గొంతో అన్నచోట ఖాళీ అలాగే ఉంది. నేను ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను, ఇప్పుడు ఎవరికీ అడ్డు లేకుండా.