ముప్పై మీటర్ల గీత

టేపాయన పని నెలకోసారి నీళ్ల లోతు కొలవడం. స్టీలు టేపు చివర నీలం సుద్ద పూసి, కొలతల కోసమే తవ్విన బావిలోకి వదులుతాడు. నీళ్లు తగిలినంత మేర సుద్ద రంగు ముదురుతుంది. దాన్నిబట్టి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తేలిపోతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఇందులో తప్పు చేయాలన్నా వీల్లేదని అతని ధీమా.

ఏడాదికి నాలుగు చినుకులు రాలితే గొప్ప అనుకునే ఆ ఇసుక నేలలో ఉన్నది ఒకటే నది. రెండు ఒడ్లు, రెండు ఊళ్లు. వేసవిలో నది ఎండితే రెండు ఊళ్లూ తాగేది ఇసుక కింది నీళ్లే. అందుకని ఒప్పందం రాసుకున్నారు. నీళ్లు ముప్పై మీటర్ల కిందికి దిగితే, నది మళ్లీ పారేదాకా రెండు వైపులా తోటల బోర్లకి సీలు. కొలిచేటప్పుడు రెండు ఒడ్ల మనుషులూ పక్కనే ఉండాలి. ప్రకటించేదాకా కొలత బయట పొక్కకూడదు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేనివాళ్లు ఇంతకంటే బాగా రాసుకోలేరు.

పోయిన నెల ఇరవై తొమ్మిది వచ్చింది. నెలకి పావు మీటరు దిగడం మామూలే. నది రావడానికి ఇంకా మూడు నెలలు. లెక్క ప్రకారం గండం గట్టెక్కాలి.

కానీ టేపాయన నోట్లో మాట ఆగదు, అందులోనూ అక్క అన్నం పెడుతున్నప్పుడు. అక్కకి రెండు వందల నిమ్మచెట్లు. ఐదేళ్లు పిల్లల్ని సాకినట్టు సాకింది. ఇది తొలి కాపు.

"అక్కా, నీళ్లు గీతకి దగ్గరపడ్డాయి. జాగ్రత్త. ఎవరితోనూ అనకు."

"నా కడుపులో ఉంటుంది లేరా" అంది అక్క.

నెల తిరిగింది. టేపు పైకి లాగి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ముప్పై మీటర్ల నలభై సెంటీమీటర్లు. సుద్ద పూసి ఇంకోసారి వదిలాడు. అదే అంకె.

"ఎందుకు దిగవు?" అన్నాడు అవతలి ఒడ్డు ఉద్యోగి. "నెలంతా రెండు వైపులా మోటార్ల మోతే. బోర్లు మూసేస్తారని ఎవరో పుకారు లేపారంటండీ."

ఆ మోత టేపాయన కూడా విన్నాడు. ఎండలు ముదిరాయి కదా అనుకున్నాడు. ఇప్పుడు కొంప మునిగిందెక్కడో తెలిసింది. సంతకం పెట్టాడు.

బావికి దగ్గరి బోరుతో సీళ్లు మొదలవ్వాలి. అది అక్కదే. అతని చేతిలో తీగా పట్టకారూ చూడగానే ఆవిడకి అర్థమైంది.

"ఎవరికి చెప్పావక్కా?"

"మా తోటికోడలికి ఒక్కదానికే. ఒట్టు వేయించుకునే చెప్పాను."

"ఆవిడ?"

"వాళ్ల చెల్లెలికి. అవతలి ఒడ్డుకే ఇచ్చారుగా దాన్ని."

"నువ్వూ తోడావా?"

"అందరూ తోడేస్తుంటే నన్ను చూస్తూ కూర్చోమంటావా? చెట్లకి రెండింతలు పెట్టాను."

అందరూ ఒక్కరికే చెప్పారు. మూసేస్తారన్న భయంతో తోడిన నీళ్లే బోర్లు మూయించాయి. అతను ఆ పూట అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చేసి ఉంటే ఈ తోట నిలిచేది. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"తప్పు నాదేనక్కా."

అక్క కాదనలేదు. సీలు బిగించేదాకా చూసి అడిగింది.

"ఇంట్లో వాడిన నీళ్లు పోస్తే ఎన్ని బతుకుతాయి?"

స్నానాలు, గిన్నెలు, బట్టలు అన్నీ కలిపి చూసుకున్నాడు. "పద్నాలుగు."

"ఏవో నువ్వే గుర్తు పెట్టు. నావల్ల కాదు."

జేబులోంచి నీలం సుద్ద తీశాడు. మొదటి చెట్టు నిండా గోలీలంత కాయలు. కాండానికి తొర్ర పట్టి ఉంది. గీయకుండా ముందుకి నడిచాడు. అక్క వెనకే వచ్చింది. అతను గీయకుండా వదిలేసిన ప్రతి చెట్టునూ ఒకసారి చేత్తో తాకింది.