ముందర పై రెండు

ఇంటికి గార పెడితే గోడ నిలబడుతుంది. పంటికి గార పడితే పన్ను పడుతుంది. ఈ సంగతి సన్నాయి ఇమాం బాషాకు తెలుసు. అందుకే మూడు నెలలకోసారి తప్పకుండా కల్లూరులోని పళ్ళ ఆసుపత్రికి వచ్చేవాడు. వచ్చి, కుర్చీలో వాలి, డాక్టరు శివజ్యోతికి ప్రతిసారీ ఒకటే షరతు పెట్టేవాడు.

"అన్నీ గీకు తల్లీ. ముందర పై రెండు మాత్రం ముట్టొద్దు. అవి నా అన్నం."

సన్నాయి పీక పెదాల మధ్య నిలవాలంటే వెనక ఆ రెండు పళ్ళూ కాపు కాయాలి. పీక పట్టేవాడి పన్ను పీకితే ఇంకేముంది, ఊదేవాడు ఊరుకోవాల్సిందే! అందుకని ఆ రెండింటినీ డాక్టరును ముట్టనివ్వలేదు, బ్రష్షును ఆననివ్వలేదు. రుద్దితే నెత్తురు వస్తోందని రుద్దడమే మానేశాడు.

చిగుళ్ళ జబ్బు బయటపడి ఏడాదైంది. ఇప్పుడు ఆ రెండూ కదులుతున్నాయి. ఎల్లుండి అహోబిలంలో స్వామి పల్లకీ ముందు అతని మేళం.

శివజ్యోతి సన్నటి గీతల పుల్ల తీసింది. పంటికీ చిగురుకూ మధ్య అది ఎంత లోతు దిగితే జబ్బు అంత. మూడు మిల్లీమీటర్ల దాకా భయం లేదు. నర్సు సాజియా రాసుకుంటోంది.

"వెనక పన్ను. మూడు, రెండు, మూడు."

"పోయినేడు ఈడ ఆరు ఉండె మేడమ్."

"పక్కది. మూడు, మూడు, నాలుగు."

అంకెలు వెనక నుంచి ముందుకు నడిచి వస్తున్నాయి. ఇమాం బాషా వేళ్ళు కుర్చీ మీద తాళం వేస్తున్నాయి, తాళం తప్పుతోంది. పుల్ల ముందు పంటి దగ్గరకు రాగానే అతని చెయ్యి లేచి నోటికి అడ్డం పడింది.

"చెయ్యి తీ అన్నా. కొలుస్తా, అంతే."

గోడవారన కూర్చున్న అతని భార్య హుస్సేన్ బీ లేచింది. "తీయయ్యా! ఊరందరి పెండ్లిండ్లలో ఊదే నోరు, ఈడ మూస్తావా?"

చెయ్యి దిగింది. పుల్ల దిగింది. దిగుతూనే ఉంది.

"ఏడు," అంది శివజ్యోతి. "ఆరు. ఏడు."

సాజియా పెన్ను ఆగింది.

"నేను గీకినవి ఆరు నుంచి మూడుకొచ్చినాయి. నువ్వు కాపాడినవి, పోయినేడు మొదటి దినం కొలిచిన ఐదు నుంచి ఏడుకు పోయినాయి."

"ఈ రెండూ కదులుతాంటే, గార పట్టుకోనుండబట్టే నిలిచుండాయి అనుకుంటి తల్లీ."

"అది పట్టుకోలేదన్నా. లోపల ఎముకను తింటాండాది."

"ఈపొద్దు గీకితే నిలుస్తాయా?"

"మాట ఇయ్యలేను. ఇంగా ఆలస్యం చేస్తే మాత్రం పీకేదే. గీకినాక పదైదు దినాలు ఊదొద్దు."

ఇరవై రెండేళ్ళుగా ఆ పల్లకీ ముందు పాట ఎత్తుకున్నది అతనే. తమ్ముడు నిస్సార్ పక్కన నిలబడి అందుకునేవాడు. మేళంలో చోటు కూడా పంటి చోటులాంటిదే. ఖాళీ అయితే పక్కవాడు ఒరుగుతాడు.

"పల్లకీ అయినాక వస్తా," అన్నాడు లేవబోతూ.

"అయినాక, అయినాక! నీ అయినాక అయ్యేలోపల పండ్లే అయిపోతాయి," అంది హుస్సేన్ బీ.

అతను నాలుకతో ముందు పంటిని నెట్టి చూశాడు. అది వెళ్ళి, తిరిగి వచ్చింది. ఫోను తీశాడు.

"నిస్సారూ, ఎల్లుండి ముందర నువ్వు నిలబడు."

అటువైపు తమ్ముడు కంగారుపడ్డాడు. "నాకు పాట ఎత్తుగడ రాదు కదన్నా. నువ్వు ఎప్పుడూ నేర్పీలేదు."

నిజమే. నేర్పలేదు. ఎందుకు నేర్పలేదో ఇద్దరికీ తెలుసు.

మత్తు సూది ఎత్తిన శివజ్యోతి ఆగింది. పెదాలు మొద్దుబారితే పాట రాదు. ఇమాం బాషా కళ్ళు మూసుకుని ఎత్తుగడను నోటితో పాడాడు, ఒక్కో గమకం విప్పి. నిస్సార్ తిరిగి పాడాడు. ఒకచోట జారాడు. అన్న మళ్ళీ పాడించాడు. ఈసారి ఎంత చెవి పెట్టి విన్నా తప్పు దొరకలేదు.

"బాగుండాది," అన్నాడు.

ఫోను భార్య చేతికిచ్చి వెనక్కి వాలాడు. సూది దగ్గరకు వచ్చింది. నోరు తెరిచాడు.