మేనమామ పోలిక

ఆ గదిలోకి వచ్చినవాళ్లెవరైనా కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే అనే మాట ఒకటుంది: "మా వైపు అలాంటివేం లేవండి." పుట్టింటివాళ్లూ అదే అంటారు, అత్తింటివాళ్లూ అదే అంటారు. జబ్బు మాత్రం ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు. గీతలమ్మ ఎవరితోనూ వాదించదు. కుటుంబాల పటాలు గీసి, ఏ రోగం ఎవరి నుంచి ఎవరికి దిగిందో చదవడం ఆ ఆసుపత్రిలో ఆవిడ పని. మగవాళ్లకి గడి, ఆడవాళ్లకి సున్నా, పోయినవాళ్ల మీద అడ్డగీత. జబ్బుపడ్డ గడి నల్లగా ఉంటుంది. తమకేమీ కాకుండా జబ్బును మోసే ఆడవాళ్ల సున్నాలో ఒక చుక్క. మొదటి చుక్క పెట్టడం వరకే ఆవిడ వంతు. ఆ తర్వాత అది తనంతట తనే గీత పట్టుకుని కిందికి నడుస్తుంది. నడిచేటప్పుడు కాగితం ఎగరకుండా ఫ్యాన్ ఆపుతారు, అంతే.

ఆ రోజు వచ్చిన పెద్దావిడ వెంట ఇద్దరు కూతుళ్లూ, పెద్దమ్మాయి కొడుకూ ఉన్నారు. వాడు నేల మీంచి లేవాలంటే చేతులు మోకాళ్లకి ఆనించి, తన ఒంటిని తనే ఎక్కుతున్నట్టు లేస్తాడు. ముద్దుగా ఉందని ఇంటిల్లిపాదీ ఇన్నాళ్లూ నవ్వుకున్నారు. ఇంట్లో ఇంకెవరైనా ఇలా లేచేవారా అని గీతలమ్మ అడిగితే పెద్దావిడ మురిసిపోయింది.

"అచ్చం మేనమామ పోలికేనండి. మా అబ్బాయీ ఇలాగే..."

ఆ మాట తన చెవినే పడి ఆగిపోయింది. ఆ అబ్బాయి మీసాలైనా రాకముందే మంచం పట్టి పోయాడు. వాడి తలరాత అనుకున్నారే గానీ, తలరాతకీ చుట్టాలుంటారని ఎవరూ అనుకోలేదు.

గీతలమ్మ ఆ పోయిన అబ్బాయి గడి నింపి, అడ్డగీత కొట్టి, తల్లి సున్నాలో చుక్క పెట్టి ఫ్యాన్ ఆపింది. చుక్క చీమలా గీత దిగి, ఇద్దరు కూతుళ్లకీ దారి చీలే చోట కాస్త ఆగింది. ఒక పక్క పెద్దమ్మాయి, ఆమె కింద మనవడి తెల్లగడి. ఇంకో పక్క చిన్నమ్మాయి, ఈమధ్యే పెళ్లి కుదిరిన పిల్ల. చుక్క పెద్దమ్మాయి వైపు మళ్లింది.

పెద్దావిడ అన్నిట్లోనూ వేలు పెడుతుందని ఇంట్లో విసుక్కుంటారు. ఇప్పుడూ పెట్టింది, గీతకి అడ్డంగా.

చెయ్యి తియ్యమని గీతలమ్మ చెప్పినా తియ్యలేదు. చుక్క ఆ గోరు దాకా వచ్చి, వెనక్కి తిరిగి, చిన్నమ్మాయి సున్నాలోకి వెళ్లి కూర్చుంది. మనవడు గట్టెక్కాడు. పెద్దావిడకి పట్టరాని సంతోషం కలిగింది, దాన్ని దాచుకోవడం చేతకాలేదు.

"నేను నీ కడుపున పుట్టలేదా అమ్మా?" అంది చిన్నమ్మాయి.

చిన్నమ్మాయి చెయ్యి పట్టుకోబోతూ తల్లి వేలెత్తింది. దాని కింద ఇంకో చుక్క ఉంది. అది నిదానంగా పెద్దమ్మాయి సున్నాలో తన గుర్తు వదిలి, మనవడి గడిలోకి దిగి, నాలుగు మూలలా నల్లగా నిండింది.

"ఒకరికి వెళ్లిందని ఇంకొకరికి తప్పదమ్మా," అంది గీతలమ్మ. "ఎవరి వంతు వాళ్లదే."

"నేను వేలు పెట్టకపోయుంటే?"

గీతలమ్మ ఫ్యాన్ వేసి వచ్చి కూర్చుంది. "చిన్నమ్మాయి దాకా వచ్చేది కాదు."

పెద్దమ్మాయి ఏడుస్తోంది. చిన్నమ్మాయి పిల్లవాణ్ణి ఎత్తుకుని వరండాలోకి వెళ్లింది. వాణ్ణి చంకనుంచి దించకుండానే పెళ్లికొడుకు ఇంటికి తనే ఫోన్ చేసి, ఈ సంబంధం వద్దని చెప్పింది. తల్లిని ఒక్కమాట కూడా అడగలేదు.