తడి దవడల మాట

పళ్ళ ఆసుపత్రి వెనక గదిలో అచ్చులక్క పొద్దున్నే ప్రింటర్ తొట్టెలో రెజిన్ అనే చిక్కటి ద్రవం పోసి, మూత దించి, టీ చల్లారేలోపు బల్ల తుడిచేస్తుంది. ముందు గదిలో డాక్టరమ్మ స్కానర్‌తో తీసిన నోటి బొమ్మ అక్క తెర మీదికి వస్తుంది. ఆ తర్వాత పని వెలుతురుది. వెంట్రుకంత మందం కూడా లేని పొరల్ని ఒకదాని మీద ఒకటి గట్టిపరుస్తూ దవడని కడుతుంది. ఒకప్పుడు నోటినిండా జిగట ముద్ద కుక్కి, మనిషిని డోకు పెట్టించి తీసేవారు అచ్చు. ఇదెంత మర్యాదైన పని! యంత్రమంటే ఇలా ఉండాలి, మనిషి నొప్పి ముందు తల వంచి.

తొట్టెలోంచి తీసిన దవడల్ని స్పిరిట్‌లో కడిగి, పైదీ కిందదీ జత చేసి పెడితే ఆ నోటివాళ్ళ గొంతుతోనే మాట్లాడతాయి. ఊదారంగు దీపాల పెట్టెలో గట్టిపడ్డాక ఇక మాట్లాడవు. అందుకే అక్క తొందరపడదు. "ఎడమవైపు చివరి పన్ను దగ్గర అంచు గీరుకుంటుంది, కాస్త తగ్గించు" అంటాయి. తగ్గిస్తుంది. కొన్ని తమ పై అధికారుల మీద చాడీలు చెబుతాయి. విని నవ్వుకుంటుంది గానీ, గడప దాటనివ్వదు. ఎవరి నోరు వాళ్ళదేనని మనం గోడల మీద రాసి మురిసిపోతాం. ఆ గదిలో అది రోజువారీ పని పద్ధతి.

ఆ రోజు ఒక అమ్మాయి పళ్ళ తీగలు తీశారు. సర్దుకున్న పళ్ళు మళ్ళీ పాత చోటికి జరిగిపోకుండా రిటైనర్ తొడగాలి. పక్కనే తండ్రి నిలబడ్డాడు.

"ఎక్కడైనా నొప్పిగా ఉందామ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"అబ్బే, ఏం లేదండీ," అన్నాడు తండ్రి.

"పళ్ళు మీవా, తనవా?"

"తనవేలెండి. కాస్త త్వరగా కానివ్వండి డాక్టరుగారూ. ఇటునుంచి ఇటే కామర్స్ కాలేజీ హాస్టల్లో దింపెయ్యాలి. సామాను కారులోనే ఉంది. దానికి లెక్కలంటే ప్రాణం."

లెక్కలంటే ప్రాణమున్న ఆ పిల్ల పైకప్పు వంక చూస్తూ ఉండిపోయింది.

వెనక గదిలో అప్పుడే కడిగి జత చేసిన ఆమె దవడలు అంచుల గురించి ఒక్క మాటా అనలేదు.

"నేను రైలింజను నడుపుతాను," అన్నాయి. "శిక్షణకి ఎంపికయ్యాను. చేరడానికి రేపే ఆఖరు. నాన్నకి చెప్పలేదు. నేను నోరు తెరిచేలోపే ఆయన మాట వచ్చేస్తుంది."

అక్క చేతులు ఆగిపోయాయి. దవడల్ని తీసుకెళ్ళి ఆయన ముందు పెడితే క్షణంలో తేలిపోతుంది. కానీ ఆ పిల్ల తరఫున మాట్లాడేవాళ్ళు ఇప్పటికే ఒకరున్నారు, రెండోవాళ్ళు దేనికి?

తలుపు కాస్త తెరిచి, "అమ్మాయిని పంపండి, ఒకటి సరిచూడాలి," అంది.

"నేనూ వస్తా."

"మీక్కూడా తీగలు కట్టమంటారా అన్నయ్యా? లేదంటే అక్కడే కూర్చోండి."

అమ్మాయి లోపలికొచ్చింది. పళ్ళెంలోని దవడలు మళ్ళీ మొదటినుంచి చెప్పాయి.

"నా గొంతేనా అక్కా ఇది? ఇంత గట్టిగా ఉంటుందా?"

"నీదే. దీపాల పెట్టెలో పెడితే ఇక ఇవి అనవు. ఆ తర్వాత నువ్వే అనుకోవాలి."

అమ్మాయి పెదవులు కదుపుతూ ఇంకోసారి విన్నది. "పెట్టెయ్ అక్కా," అంది.

దవడలు గట్టిపడి మౌనమయ్యాయి. అక్క వాటి మీద వేడెక్కిన ప్లాస్టిక్ రేకుని పరిచింది. యంత్రం గాలి పీల్చగానే రేకు ప్రతి పన్ను సందులోకీ ఒదిగింది. కత్తిరించి, అంచులు నున్నగా అరగదీసి అమ్మాయి నోట్లో పెడితే, రిటైనర్ చిన్న చప్పుడుతో పళ్ళ మీద కూర్చుంది. ఎక్కడా గుచ్చుకోలేదు. ఎంత చక్కని పనితనం!

"అయిందా?" అమ్మాయి బయటికి రాగానే తండ్రి లేచాడు. "పదపద. మా అమ్మాయికి ఆలస్యమైతే..."

"నాన్నా, నేను చెప్తాను."

కొత్త రిటైనర్‌తో మొదటి మాటలు ఎవరికైనా నత్తిగానే వస్తాయి. ఆమె కూడా ఇంజను సంగతంతా ముద్దముద్దగానే చెప్పింది. తండ్రికి మాత్రం ఒక్క ముక్క పొల్లుపోలేదు. మెల్లగా కూర్చున్నాడు. "రేపు ఎన్నింటికి చేరాలి?" అని అడిగి, జవాబు కోసం ఆగాడు.