రాతిపొడి, వేడినీళ్లు, అక్క కుక్కరు

దేవుడి ముందు కళ్లు మూసుకున్నప్పుడల్లా అక్కను ఒక అనుమానం ఏళ్లుగా తొలుస్తూనే ఉంది. చెల్లెలి ప్రయోగం ఫలించాలని రోజూ మొక్కుతుంది. తీరా ఫలిస్తే, ప్రాణం వేడినీళ్లలో, రాళ్ల మధ్య దానంతటదే మొదలైందని తేలిపోతుందేమో. అప్పుడు తను ఇన్నాళ్లూ మొక్కింది ఎవరికి? భర్తతో అంటే నవ్వుతాడు. అందుకని కడుపులోనే దాచుకుని పొయ్యి వెలిగించేది.

దీనికంతటికీ మొదలు ఒక కుక్కరు. చదువుకునే రోజుల్లో ప్రయోగశాలలో సరైన పరికరం దొరక్క, చెల్లెలు అక్క వంటింట్లోని కుక్కరు పట్టుకుపోయింది. తిరిగి తెచ్చినప్పుడు "ఏం వండావే ఇందులో?" అని అడిగింది అక్క.

"ప్రాణం ఎలా మొదలైందో చూద్దామని రాతిపొడి ఉడకబెట్టాను."

అక్క ఆమెను వంటింటి గుమ్మంలోనే ఆపేసింది. "దేవుడి పని చేయబోయిన గిన్నె నా వంటింట్లోకి వద్దు. నీ దగ్గరే ఉంచుకో."

రాకపోకలైతే ఆగలేదు గాని, చెల్లెలు ఆ వంటింట్లో మళ్లీ కాలు పెట్టలేదు. ముందుగదిలో కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్లిపోయేది.

ఈ ఏడు ఫలితం రాకపోతే ప్రయోగశాలలో గది ఖాళీ చేయమన్నారు చెల్లెల్ని. ఆ ఫలితం తేలే రోజున అక్క ఉండబట్టలేక అన్నం డబ్బాతో అక్కడికే వెళ్లింది.

"మూత తీయకక్కా. ఇక్కడేమీ తినకూడదు."

"తినకూడని చోట రోజంతా ఉంటే చిక్కిపోక ఏమవుతావు? సరే, తేలిందా?"

చెల్లెలు మూడు గాజుగొట్టాలు చూపించింది. "వీటన్నిటిలో అమినో ఆమ్లాలు వేశాను. పూసలనుకో. పూసలు దండగా చేరితే దాన్ని పెప్టైడ్ అంటాం. మన ఒంట్లోని మాంసకృత్తులన్నీ ఇలాంటి పొడుగు దండలే. మొదటిది ఒట్టి వేడినీళ్లు. అందులో పూసలు కలవడమే కష్టం, కలిసినవి కూడా నీళ్లకు ఊడిపోతాయి. రెండోదాంట్లో బంకమట్టి పొడి వేశాను. పూసలు ఆ పొడిని పట్టుకుని పక్కపక్కన చేరాయి. నాలుగు పూసల దండ వచ్చింది."

"మరి మూడోది?"

"అందులో వేరే రాతిపొడి. దండ కట్టకపోగా ఉన్న పూసల్ని కూడా పాడుచేసింది."

"మన మేనత్తలాగా అన్నమాట."

చెల్లెలు పకపకా నవ్వింది. అక్క నవ్వలేదు. "నాలుగు పూసలేనా? అక్కణ్నుంచి ప్రాణం ఎంత దూరం?"

"ఇంకా గడప కూడా దాటలేదక్కా. కానీ గదికి ఢోకా లేదు."

"మరి దేవుడు?" ఇన్నేళ్ల మాట చివరికి బయటపడింది.

చెల్లెలు తొందరపడలేదు. "ఆ మట్టీ రాయీ అక్కడ ఎవరు పెట్టారని నేను అడగలేదక్కా. ఉన్నవి ఏం చేస్తాయో అంతవరకే చూశాను. నీ ప్రశ్న ఈ గొట్టంలో పట్టదు."

అక్క రెండో గొట్టం వంక చూసింది. అడుగున కాస్త బూడిదరంగు మడ్డి. దేవుడి చేతిలోంచి చెల్లెలు ఏదో లాక్కుంటోందని ఇన్నాళ్లూ అనుకుంది. తీరా చూస్తే, విడివిడిగా ఉన్నవాటికి పక్కపక్కన చోటిచ్చిన చిటికెడు మట్టి. అనుమానం తీరిందా అంటే తీరలేదు. కానీ అది తనకూ దేవుడికీ మధ్య మాట. దానికోసం ఇన్నేళ్లూ చెల్లెల్ని గుమ్మం బయటే ఉంచింది.

"ఆ కుక్కరేదే?"

చెల్లెలు బల్ల కిందనుంచి తీసింది. తళతళలాడుతోంది. "ఎప్పటికైనా అడుగుతావని రబ్బరు కొత్తది వేయించాను. అప్పుడు కూడా రాతిపొడి గొట్టాల్లో పోసి, మూసే పెట్టానక్కా. కుక్కరుకి నీళ్లు తప్ప ఏమీ తగల్లేదు."

"అప్పుడే చెప్పొచ్చుగా."

"గుమ్మం దాటనిస్తేగా."

ఆ సాయంత్రం కుక్కరునీ చెల్లెల్నీ వెంటబెట్టుకుని ఇంటికొచ్చి దేవుడి ముందు కూర్చుంటే అనుమానం కూడా వచ్చి పక్కన కూర్చుంది. అక్క దాన్ని ఉండనిచ్చింది. తర్వాత లేచి, కుక్కరు కడిగి, బంగాళదుంపలు వేసి పొయ్యి మీద పెట్టింది.

"రావే లోపలికి. గుమ్మంలో నుంచుంటే దుంపలు ఎవరు ఒలుస్తారు?"

చెల్లెలు గుమ్మం దాటి వచ్చి పీట వాల్చుకుంది. "అయితే నీ కుక్కరు బాకీ తీరినట్టేనా?"

"ముందు కూత రానీ" అంది అక్క.

కాసేపటికి వచ్చింది.