ఇంజను గది మనిషి

లిఫ్టు మెకానిక్ సంచీ దించి, తిరుగుతున్న మోటారు మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాడు.

తొమ్మిదంతస్తుల ఆఫీసు భవనం, డాబా మీద ఇనుప తలుపున్న ఇరుకు గది. ముప్ఫై ఆరేళ్లుగా వారానికోసారి ఇక్కడికి రావడం, మోటారు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని "ఏమ్మా, ఎలా ఉన్నావ్" అనడం అతని పద్ధతి. మీటరు పెట్టి చూడటం ఆ తర్వాతే. కంపెనీలో తోటివాళ్ళు నాడి డాక్టరని ఆటపట్టించినా నవ్వేసి ఊరుకునేవాడు.

ఆ పద్ధతి టీవీలో చూసి నేర్చుకున్నదే. అంతరిక్షంలో తిరిగే ఓడ కథ అది. ఓడ అడుగున ఇంజను గదిలో ఒక పెద్దాయన ఉండేవాడు. పతకాలూ పొగడ్తలూ పైనున్నవాళ్ళకి, మసి ఆయనకి. ఇంజను మీద చెయ్యి పెట్టి దాని బాధ కనిపెట్టేవాడు. చివరికి అందరినీ కాపాడి ఆ గదిలోనే పోయాడు. ఇరవయ్యేళ్ల వయసులో అది చూసే, చేతికొచ్చిన గుమాస్తా ఉద్యోగం కాదని, ఇంట్లో నానా తిట్లూ తిని, మెకానిక్ ఈ పనిలో చేరాడు.

ఆ తర్వాత ఎన్నో భాగాలుగా సాగిన ఆ ఓడ కథలో, పదకొండేళ్ల విరామం తర్వాత మొన్న ఆదివారం కొత్త సిరీస్ మొదలైంది. మొదటి భాగంలోనే గుట్టు విప్పారు. పెద్దాయన మొదట్నుంచీ శత్రువుల గూఢచారి అట. ఇంజను మీద చెయ్యి వేసిన ప్రతిసారీ వాళ్ళకి కబురు పంపేవాడట. పాత దృశ్యాలే మళ్ళీ వేసి, ఆ చేతి కింద మినుకుమనే ఎర్రదీపం ఒకటి అతికించారు.

"ఇదేం పొయ్యేకాలమండీ వీళ్ళకి," అంది భార్య. అతను టీవీ కట్టేశాడు. కొత్తది బాగోకపోతే ఏదో పోనీలే అనుకునేవాడు. వీళ్ళు వెనక్కి వెళ్ళి పాతదాంట్లో విషం కలిపారు.

ఇందాక గేటు దగ్గర వాచ్‌మన్ అన్న మాటలు అంతకంటే కాల్చాయి. పదిహేనేళ్లుగా టీ తాగుతూ ఆ ఓడ కబుర్లే చెప్పుకున్నారిద్దరూ.

"చూశావా అన్నా? నాకా ముసలాడి మీద ఎప్పుడూ డౌటే."

"ఆయన పోయే ఎపిసోడ్ మళ్ళీ వేసినప్పుడు నా పక్కన కూర్చుని ఏడ్చింది నువ్వే కదరా."

"అప్పుడు తెలీదు కదన్నా. ఇప్పుడు చూపించారుగా."

మెకానిక్ గాల్లో ఉన్న తన చేతిని చూసుకున్నాడు. దొంగచెయ్యిలా కనబడింది. జేబులో పెట్టుకుని, రెండో చేత్తో మీటరు తగిలించాడు. అంకెలు బాగానే ఉన్నాయి. పుస్తకంలో సంతకం చేసి దిగిపోయాడు.

మధ్యాహ్నం మూడింటికి ఫోనొచ్చింది. లిఫ్టు ఐదు, ఆరు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఉన్నది వాచ్‌మన్, అసలే ఉబ్బసం మనిషి. మెకానిక్ ఉన్నపళంగా వచ్చి మెట్లన్నీ ఎక్కేసరికి మోటారు బేరింగు మాడి కంపు కొడుతోంది. ఒక్క పూటలో వచ్చే అరుగుదల కాదది. పొద్దున చెయ్యి వేసుంటే ఆ గరగర వేళ్ళకి తెలిసేది. బ్రేకు వదిలి, చక్రాన్ని చేత్తో అంగుళం అంగుళం తిప్పి లిఫ్టుని ఐదో అంతస్తుకి దించాడు.

వాచ్‌మన్ బయటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. ఊపిరి కుదుటపడ్డాక అడిగాడు.

"పొద్దున చెయ్యి పెట్టి చూళ్ళేదా అన్నా?"

"లేదు."

నిష్ఠూరంగా అడగలేదు వాడు. ఆ చెయ్యి మీదే భరోసాతో రోజూ ఎక్కి దిగుతున్నవాడు అడిగినట్టే అడిగాడు. టీవీవాళ్ళు తన నమ్మకానికి చేసిందే తనూ వీడి నమ్మకానికి చేశాడు. మెకానిక్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు.

సాయంత్రానికి కొత్త బేరింగు వేసి, లిఫ్టుని నాలుగుసార్లు కిందికీ పైకీ తిప్పి చూసి, తిన్నగా కంపెనీ మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

"రేపట్నుంచి నన్ను గోదాములో వెయ్యండి సార్."

"రిటైర్మెంటుకి రెండేళ్లేగా. ఇప్పుడీ గొడవెందుకయ్యా?"

"నా చెయ్యంటే నాకే నమ్మకం పోయింది సార్."

తర్వాతి వారం వేరే మెకానిక్ వచ్చాడు. వాచ్‌మన్ ఆయాసపడుతూ వెంట వెళ్ళి ఇనుప తలుపు తీసిపెట్టాడు. వచ్చినవాడు మీటరు పెట్టి, ఐదు నిమిషాల్లో సంతకం చేసి వెళ్ళిపోయాడు. వాచ్‌మన్‌కి మాత్రం వెంటనే కదలబుద్ధి కాలేదు. కిటికీ గూట్లో, మడత పెట్టిన పాత గుడ్డ మీద, మాడి నల్లబడిన బేరింగు పాత మెకానిక్ ఆ సాయంత్రం తీసి పెట్టినది పెట్టినట్టే ఉంది.